మంచుచెట్టు మంచం

కొత్తగా ఫ్యాక్టరీ ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటరు. స్టోర్స్‌లో మీరేం చేసేటోళ్లు సార్ అని అడుగుతరు. సామాను దాచిపెట్టేవాణ్ని అంటే నమ్ముతరు గాని, నిజానికి ఆ పనిలో సగం వెతుకుడే. మిగిలిన సగం, వెతికింది దొరకనప్పుడు మొఖం గంభీరంగా పెట్టుడు. చౌటుప్పల్ దగ్గర ఒక మందుల కంపెనీలో రిటైరయ్యేదాక ఈ రెండు పనులూ నేను శ్రద్ధగా చేసిన. నా మొఖం ఇప్పటికీ ఇట్లా ఉండడానికి కారణం అదే.

మీకు చెప్పాలనుకున్నది ఒక చెక్కపెట్టె గురించి. లోపల వచ్చిన యంత్రం గురించి కాదు. యంత్రాల గురించి చెప్పేటోళ్లు మీకు చాలామంది ఉన్నరు. పెట్టెల గురించి చెప్పేది స్టోరోళ్లమే.

తెలంగాణ వచ్చిన కొత్తల్ల. హైవే పొంటి చేన్లల్ల జొన్నల బదులు ప్లాట్ల రాళ్లు మొలుస్తున్న కాలం. మా కంపెనీ ఎక్కడో ఉత్తరాన, మంచుదేశం నుంచి ఒక యంత్రం తెప్పించింది. మందును గడ్డకట్టించి, ఆ గడ్డను కరగనియ్యకుండనే అందులోని నీళ్లను ఆవిరిగా లాగేస్తది. అసుంటి యంత్రం మే నెలల మా దగ్గరికి వచ్చుడే ఒక తమాషా. ట్రెయిలర్ గేటు దాటుతుంటే మా వాచ్‌మన్ నా చెవిలో, జర మన నీళ్ల సీసాలు గూడ అందుల పెట్టనిస్తరా సారూ అని అడిగిండు.

పెట్టె ఒక చిన్న ఇల్లంత ఉంది. తెల్లటి చెక్క, లేత బెల్లం రంగు గీతలు. క్రేన్ వాళ్లు విప్పి యంత్రాన్ని తీసుకపోయినంక పలకలన్నీ స్టోరు వెనక రేకుల షెడ్డు కింద పేర్చినం. ప్రతి పలక మీద నల్లటి ముద్ర, దాని పక్కన హెచ్.టి. అని రెండు అక్షరాలు. నేను సెక్యూరిటీ ఇన్‌చార్జికి ఫోన్ చేసి, హెచ్.టి. ముద్రున్న ప్యానెళ్లు వెనక పెట్టించిన, జర కనిపెట్టి ఉండు అని చెప్పిన. అంతే చెప్పిన.

మన దిక్కు హెచ్.టి. అంటే ఏందో మీకు చెప్పాల్నా. బాయికాడికి కరెంటు తెచ్చుకున్న ప్రతి ఇంట్ల ఆ మాట తెలుసు. హైటెన్షన్. ఇగ ప్యానెల్ అంటే ఆ సెక్యూరిటీ ఆయనకు కరెంటు ప్యానెలే. పొద్దున నేను పోయి చూసేసరికి షెడ్డు చుట్టూ తాడు కట్టి ఉంది, తాడుకు ఎర్రగుడ్డలు వేలాడుతున్నయి, ముందర పుర్రె బొమ్మ బోర్డు. చచ్చిన చెక్కకు చావు బోర్డు. నవ్వొచ్చింది గాని, అప్పటికి నాకు గూడ ఆ అక్షరాల అసలు అర్థం తెల్వదు. తెల్వని దాని మీద నవ్వుడెందుకని గంభీరంగా ఊకున్న.

దానితోటి ఒక మేలయింది. తుక్కు కాంట్రాక్టరు మనుషులు బండి తీసుకొని వచ్చిండ్రు. పుర్రెను చూసిండ్రు. పాత డ్రమ్ములు, ఇనుప ముక్కలు ఎత్తుకొని, చెక్క దిక్కు చూడకుండనే పోయిండ్రు.

ఆ చెక్క దిక్కు చూసిన మనిషి మా ఫ్యాక్టరీలో ఒక్కడే. మందుల డ్రమ్ముల కింద వేసే చెక్క చట్రాలు చేసే మిస్త్రి. కాంట్రాక్టు పని ఆయనది. పొద్దున్నే షెడ్డు దిక్కు వచ్చి, తాడు అవుతలనే నిలబడి, ముక్కుతో గాలి పీల్చి పోతుండె. మార్కెట్ల దేవదారు అంటం సారూ ఈ రకాన్ని అని ఒకనాడు చెప్పిండు. వాళ్లది చర్చికి పోయే కుటుంబం. పాస్టరయ్య దేవదారు అంటే దేవుని ఇంటికి వాడిన చెక్క అంటడట, మన దగ్గరనేమో మామిడిపండ్ల పెట్టెలకు కొడ్తున్నం, పాస్టరయ్యకు చెప్పకు అన్నడు.

ఆయన గాలి పీల్చుడు వెనక ఒక బాధ ఉంది. వాళ్ల బాపు తుంటి విరిగి సర్కారు దవాఖానల ఆపరేషన్ అయి ఇంటికొచ్చిండు. నులక మంచం పనికిరాదు, కుంగుతది. నేల మీద పండుకుంటే అసలే లేవరాదు. గట్టి మంచం, మోకాలెత్తుది, దాని మీద నుంచి దినాం పది మాట్లు లేచి నిలబడాలె అని డాక్టరమ్మ చెప్పింది. లేచి నిలబడకుంట ఇట్లనే ఉంటే ఇగ లేవనే లేవడు, పెద్దాయన మన చేతులకెల్లి పోతడు అని గూడ చెప్పింది. ఇనుప మంచం తెస్తే ముసలాయన ఎక్కనన్నడు, అది దవాఖాన మంచమని. టేకు మిస్త్రికి అందేది కాదు. పచ్చి తుమ్మ కోసి అది ఎండేదాక బాపు ఆగడు. ఊరందరికి మంచాలు చేసిన మిస్త్రి ఇంట్ల తండ్రి చాప మీదున్నడు.

మరి తుంటి ఎట్ల విరిగిందంటే, మంచం మీద నుంచే. ముసలాయన వయసులో ఉన్నప్పుడు దొరల దగ్గర జీతమున్నడు. దొర బండి పోతుంటే మంచం మీద కూసున్నోడు దిగి నిలబడాలె. కూసుంటే ఏమైతదో చూసిన మనిషి ఆయన. దొరలు పోయిండ్రు, బండ్లు పోయినయి, వాళ్ల భూములు గూడ ప్లాట్లయినయి. ఈయన మాత్రం రోడ్డు మీద ఏ మోటరు చప్పుడయినా మంచం దిగుడు మానలేదు. ఆ దినం ప్లాట్లు చూడవచ్చిన కారు హారన్ కొట్టింది. నిద్రమబ్బులో నులక మంచం మీద నుంచి దిగబోయి పడ్డడు. మిస్త్రి నాకు ఇదంతా చెక్కకు రందా పట్టుకుంట, తల ఎత్తకుంట చెప్పిండు. లేచినందుకు పడ్డడు సారూ, ఇప్పుడు లేవకపోతే పోతడంటున్నరు. నేను ఎటు చెప్పాలె, లేవనాల్నా, లేవద్దనాల్నా?

స్టాకులో లేదు అనే మాట నాకు అలవాటే గాని, ఆ దినం అనబుద్ధి కాలేదు.

యంత్రం బిగించడానికి ఆ చలిదేశం నుంచి ఒక ఇంజినీరు వచ్చిండు. పొడుగ్గ, పాలపిట్ట గుడ్డు లెక్క తెల్లగ వచ్చి, మన ఎండకు వారంలనే పండు మిరపకాయ రంగుకు తిరిగిండు. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది, పని ఆగిపోయింది. నేను షెడ్డు దిక్కు పోతే ఆయన తాడు దాటి పోయి, పుర్రె బోర్డు పక్కన పలకల మీద కూసోని ఉన్నడు. అరచేతితో చెక్కను నిమురుతున్నడు. పక్కన మిస్త్రి నిలబడి ఉన్నడు, ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి రాదు, ఇద్దరూ చెక్క వాసన చూస్తున్నరు.

ఇంజినీరును బయటికి రమ్మందామని పోయిన నేను గూడ అక్కడనే కూలబడ్డ. ఆ వాసన అసుంటిది. ఎండకు చెక్కలో నుంచి బంక చెమట లెక్క బయటికి వస్తున్నది. ఫ్యాన్లు లేవు, మోటర్లు లేవు, అంత పెద్ద ఫ్యాక్టరీ చప్పుడు లేకుండ పండుకున్నది. బయట సిమెంటు జాగంతా ఎండకు తెల్లగ మెరుస్తుంటే కండ్లు చికిలించి చూసిన నాకు అది ఎండ లెక్క కొడ్తలేదు. ఎవరో అడుగు వేస్తే మంచు లెక్క కరకరమంటదేమో అనిపించింది.

ఆ పుర్రె ఎందుకని ఇంజినీరు అడిగిండు. నాకొచ్చిన ఇంగ్లీషుల హైటెన్షన్ కథ చెప్పిన. ఆయన కడుపు పట్టుకొని నవ్వి, అసలు సంగతి చెప్పిండు. చెక్కల ఉన్న పురుగులు దేశం దాటి రాకుండ, పంపే ముందు దాన్ని బట్టీలో వేడి చేస్తరట. హీట్ ట్రీట్‌మెంట్ చేసినట్టు గుర్తు ఆ రెండక్షరాలు. నేను మిస్త్రికి తెలుగుల చెప్పిన. బతికినన్ని దినాలు చలి, చచ్చినంక ఉడకబెట్టుడా అన్నడు మిస్త్రి. తర్వాత ఇంజినీరు మొఖం దిక్కు చూసి, ఈ సారుకు గూడ మనోళ్లు ఆ ముద్ర కొట్టి పంపాలె అన్నడు. అది నేను ఇంగ్లీషుల చెప్పలేదు.

మిస్త్రి పలక అంచు చూపించిండు. గీతలు దువ్వెన పండ్ల లెక్క దగ్గర దగ్గరగ ఉన్నయి. ఇంత ఒత్తుగ గీతలున్న చెక్క నేను చూడలే, ఏం తిని పెరిగిందో అడుగు సారూ అన్నడు. నేను అడిగిన. ఇంజినీరు చెప్పుకుంట పోయిండు, నేను మధ్యలో నాకు తెల్వని మాటలను దాటుకుంట తెలుగు చేసుకుంట పోయిన.

అక్కడ చలికాలమే ఎక్కువ, ఎండకాలం ఇట్ల వచ్చి అట్ల పోతది. ఏడాదికి కొంచెమే పెరుగుతది, అందుకే గీతలు దగ్గర. నేలల నీళ్లు ఉంటయి గాని రాయి లెక్క గడ్డకట్టి ఉంటయి. చుట్టూ నీళ్లే, తాగడానికి చుక్క లేదు. అందుకే చెట్టు తన ఆకులను సూదుల లెక్క సన్నగ చేసుకొని, పైన మైనం పూసుకుంటది, ఉన్న తడి ఎగిరిపోకుండ. ఆకులన్నీ రాల్చి మళ్లా కొత్తవి తొడుక్కునేంత తీరిక లేదు, ఎండ మొఖం చూపంగనే పని మొదలు పెట్టాలె. పాత అంగీతోనే ఏండ్లు నెట్టుకొస్తది. లోతుకు పోతే నేల ఇంకా చల్లన, అందుకే వేర్లను పైపైననే చాప లెక్క పరుచుకుంటది.

ఇంకొక మాట చెప్పిండు, అది నాకు ఇప్పటికీ కలలకొస్తది. చలి ముదరక ముందే ఆ చెట్టు తన కణాల్లోని నీళ్లను మెల్లమెల్లగ బయటి సందుల్లకు పంపుతదట. గడ్డకట్టేదేదో బయట కట్టాలె. లోపల చిక్కటి తీపి రసం మిగలాలె. లోపలనే గడ్డకడితే కణం పగిలి చెట్టు చస్తది. మీరు కొన్న యంత్రం మందును బతికించేటందుకు నీళ్లు తీస్తది, ఆ చెట్టు తనను బతికించుకునేటందుకు తీస్తది, చెట్టుకు కరెంటు అక్కర్లేదు, అంతే తేడా అన్నడు. కరెంటు అనంగనే ముగ్గురం ఒకమాటు ఆగిపోయిన ఫ్యాన్ దిక్కు చూసినం.

మన అడవిల గూడ దాహమే గద సారూ అన్నడు మిస్త్రి. అమ్రాబాద్ దిక్కు పనికి పోయినప్పుడు చూసిండట. ఎండకాలం చెట్లన్నీ ఆకులు దులుపుకొని, నాకేం వద్దు, నన్నేం అడగకు అన్నట్టు నిలబడి ఉంటయట. మనయి రాల్చి బతుకుతయి, వీళ్లయి దాచి బతుకుతయి. స్టోర్ కీపర్ చెట్లు అన్న నేను.

అప్పుడు ఇంజినీరు చేతులు రెండూ భుజాల నుంచి కిందికి వాల్చి చూపించిండు. కొమ్మలు ఇట్లా ఉంటయట, వాలి. పైన మొన, కింద వెడల్పు, గోపురం లెక్క. ఎందుకంటే మంచు మీద పడితే బరువు. కొమ్మ అడ్డంగ నిలబడితే విరుగుతది. వాలి ఉంటే మంచు జారి కింద పడుతది. బరువొచ్చినంక వంగుడు కాదు, చిన్నప్పటి నుంచే వాలి పెరుగుతది.

మిస్త్రి ఈ ఒక్కటి మాత్రం వెంటనే అడిగిండు. "మంచు పడని జాగల నాటితే?"

ఇంజినీరు కొంచెం ఆలోచించిండు. వాళ్ల అమ్మమ్మ ఊరు సముద్రం పక్కన, అక్కడ మంచు పెద్దగ పడదట. పార్కుల ఆ చెట్లు ఉన్నయట. అక్కడ గూడ అట్లనే వాలి ఉంటయి. మంచు లేదని చెట్టుకు ఎవరు చెప్తరు అన్నడు.

నేను తెలుగు చేసి చెప్పిన. మిస్త్రి పలక అంచును గోటితో గీకిండు.

"మా బాపు గట్లనే సారూ."

ఏమన్నడని ఇంజినీరు అడిగిండు. నాకు రాని ఇంగ్లీషు మస్తుంది గాని, ఆ మాటకు మాత్రం ఉన్నది గూడ రాలేదు. వాళ్ల నాయినను తల్చుకుంటున్నడని మాత్రం చెప్పిన. ఆయన తలూపి, పలక అంచున లేచి ఉన్న చిన్న చెక్క పెచ్చు ఒకటి తీసి అంగీ జేబుల పెట్టుకున్నడు. కరెంటు వచ్చింది. అన్ని ఫ్యాన్లూ ఒక్కమాటు గుర్రుమన్నయి, మంచు మాయమైంది.

మరునాడే జీఎం సారు నుంచి మాట వచ్చింది. తనిఖీకి మనుషులు వస్తున్నరు, షెడ్డు ఖాళీ కావాలె, తుక్కోళ్లు తీసుకపోకపోతే ఆ చెక్కంతా సాయంత్రంలోపల బాయిలర్ల వేయాలె అని. మిస్త్రికి తెలిసింది. ఆయన చట్రాలకు మేకులు కొట్టుకుంట కూసున్నడు. ఆ మేకుల చప్పుడు నా క్యాబిన్ల కూసున్న నాకు వినబడుతనే ఉంది. ఒక్కొక్క మేకుకు రెండే దెబ్బలు.

జీఎం సారు దగ్గరికి పోయిన. ఆయన మంచోడే, కాకపోతే మంచితనాన్ని గూడ గేట్‌పాస్ లేకుండ బయటికి పంపడు. ముందు హెచ్.టి. సంగతి చెప్పిన, ముట్టుకుంటే ఏం ప్రమాదం లేదని. అయితే కాల్చండి అన్నడు. ముట్టుకుంటే కాదు సార్, కాలిస్తేనే ప్రమాదం అన్న. ఎవరికి అన్నడు. అప్పుడు మిస్త్రి బాపు గురించి, నేల గురించి, డాక్టరమ్మ మాట గురించి, కారు హారన్ గురించి మొత్తం చెప్పిన. నేను అంత పొడుగు మాట్లాడుడు ఆయన ఎన్నడూ వినలేదు. పెన్ను మూత తీసి, మళ్లా పెట్టి, మళ్లా తీసిండు.

"మంచం బాగొస్తే నాకు చెప్పు. మా అత్తమ్మకు గూడ ఏ మంచమూ నచ్చుతలేదు" అని గేట్‌పాస్ మీద సంతకం పెట్టిండు.

పలకలు ఎత్తించేటప్పుడు పుర్రె బోర్డు నేనే తీసిన. దాన్ని చెక్కకు కొట్టిన మేకులు వంకర లేకుండ, తల లోపలికి పోయేటట్టు నీటుగ దిగి ఉన్నయి. మా సెక్యూరిటీ వాళ్లు మేకు కొడితే మూడు వంకరలు పోతది, గోడల సున్నం రాలుతది. నేను మిస్త్రి దిక్కు చూసిన. ఆయన ఆకాశం దిక్కు చూసిండు. బోర్డు సెక్యూరిటీదే, కొట్టిచ్చింది నాతోని అన్నడు. గంతేనా అన్న. జర గట్టిగ కొట్టిన అన్నడు.

ట్రాలీ ఆటోల చెక్క వేసుకొని ఇద్దరం వాళ్ల కాలనీకి పోయినం. ఆటో ఇంటి ముందర ఆగిందో లేదో, అర్రల చాప మీద నుంచి ముసలాయన రెండు చేతులు నేలకు ఆనించి లేవబోయిండు. తుంటి రానియ్యలేదు. మొఖమంతా చెమటలు. లేవకు బాపూ, లేవకు అని మిస్త్రి ఉరికిండు. ఎవరొచ్చిండ్రని ముసలాయన అడిగితే స్టోరు సారు అని చెప్పిండు. ఆయనకు ఏం వినబడ్డదో, "దండం దొరా" అన్నడు. దొరను కాదు తాతా, స్టోరును అన్న. నవ్వుతడనుకున్న. నవ్వలేదు.

మంచం ఆదివారం తయారైందని చెప్తే చూడపోయిన. కాళ్లు పొడుగ్గ, మోకాలెత్తు. పక్కన పట్టుకోను ఒక కడ్డీ, అరచేతికి సరిపోయేటట్టు నున్నగ చేసింది. తలాపున ఆ నల్లముద్రను, హెచ్.టి. అక్షరాలను చెరపకుండ ఉంచిండు. మంచులో కొమ్ము తీసి సున్న పెడితే మంచం అని నేను అంటే, కొమ్ములు, కొమ్మలు తీసుడు మా పనే గద సారూ అన్నడు. ముసలాయన మంచం ఎక్కి కూసోని, అది నాదేనా అన్నట్టు అంచును తడుముతున్నడు.

అంతల రోడ్డు మీద కారు చప్పుడయింది. ముసలాయన చెయ్యి కడ్డీ మీద పడ్డది. నేను లేవద్దు అనబోతే మిస్త్రి నా మోచెయ్యి పట్టుకున్నడు. ముసలాయన లేచిండు. కడ్డీ పట్టుకొని, కాళ్లు వణుక్కుంట, నిలబడ్డడు. కారు పోయింది. మెల్లగ కూసున్నడు.

"లేవకు బాపూ అనుడు బంద్ పెట్టిన సారూ" అన్నడు మిస్త్రి. "ఇంత ఈడు వచ్చినంక కొమ్మను నేను ఎత్తి కడితే విరుగుతది. లేస్తనంటే లేవనీ. లేసెటందుకు వీలుగనే చేసిన."

రియల్ ఎస్టేట్ మంచి జోరు మీద ఉన్న కాలం. ప్లాట్లు చూడ పట్నం కార్లు పొద్దంతా వస్తనే ఉన్నయి. డాక్టరమ్మ పది మాట్లు లేవమన్నది, ముసలాయన కారు కారుకు లేచిండు. రెండో తూరి చూపించుకోను పోతే ఆమె కాళ్లు నొక్కి చూసి, కసరత్తు ఎవరు చేపిస్తున్నరని అడిగిందట. ప్లాట్ల వెంచర్లోళ్లు అని చెప్పిండట మిస్త్రి. నాకు ఇది చెప్పుకుంట నవ్విండు, నవ్వుకుంటనే కండ్లు తుడుచుకున్నడు. దొరల కోసం లేచీ లేచీ అరిగిన కాళ్లు సారూ, ఇప్పుడన్నా ఆయనకు పనికొచ్చినయి అన్నడు.

పిల్లలూ, మీరు పనిచేసే కాడ గూడ అర్థం కాని మనుషులు కనబడుతరు. పిలవకుండనే లేచి నిలబడేటోళ్లు, చెప్పకుండనే తల వాల్చేటోళ్లు ఉంటరు. వాళ్లకు ఏ మంచు పడ్డదో మనకు తెల్వదు. ఇంతకన్న పెద్దమాట చెప్పుడు నాకు రాదు, స్టాకులో లేదు.

నేను రిటైరైన ఏడాది ఒకనాడు అటు దిక్కు పోయిన. నా స్కూటర్ చప్పుడుకు ఆయన లేవాల్సి వస్తదని మలుపు కాడనే ఇంజన్ బంద్ చేసి, బండిని నెట్టుకుంట పోయిన. మంచం వాకిట్ల వేపచెట్టు నీడల ఉంది. మిస్త్రి పనికి పోయిండు. ముసలాయన పక్కకు ఒరిగి మెల్కువతోనే ఉన్నడు. నన్ను చూసి చెయ్యి కడ్డీ మీద వేసిండు. నేను చూసుకుంట నిలబడ్డ.

ఆయన లేవలేదు. కడ్డీని ఆసరా చేసుకొని మెల్లగ అవుతలి దిక్కుకు జరిగిండు. మంచం అంచున తెల్లటి చెక్క కొంచెం ఖాళీ అయింది. దాని మీద అరచేత్తో రెండు మాట్లు తట్టిండు.

"కూసో, స్టోరు సారూ."

నా ఉద్యోగంలో నా కోసం ఏమేమో జరిగినయి. బదిలీ జరిగింది, సన్మానం జరిగింది, వీడ్కోలు సభ గూడ జరిగింది. ఒక మనిషి జర జరిగి నాకు జాగా ఇచ్చింది మాత్రం ఆ ఒక్కనాడే. కూసున్న. చెక్క ఇంకా వాసనొస్తనే ఉంది. రోడ్డు మీద ఒక కారు పోయింది, మేమిద్దరం దాని దిక్కు గూడ చూడలేదు.